ఏడవని అల్లుడు

మా హాల్లో కొత్త సినిమా పడితే మొదటి ఆట సగం కాకముందే ఎవడు ఎవణ్ణి ముంచబోతున్నాడో టార్చి అక్క చెప్పేసేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు టార్చి వేసి సీటు చూపిస్తూ తెరవైపు ఓరగా ఓ చూపు చూసేది. తరువాత నా టికెట్ కిటికీ దగ్గరకు వచ్చి, "ఆ తెల్లచొక్కా మేనమామ ఉన్నాడే, వాడే" అనేది.

"పాపం, పెద్దమనిషిలా ఉన్నాడు కదక్కా."

"అందుకే."

ఎన్నడూ తప్పలేదు. తప్పకపోవడానికి కారణం ఉంది. సినిమా తీసేవాడు మనకు తెలియాలనే తీస్తాడు. దుర్మార్గుడు ఒకసారైనా పక్కకు తిరిగి నవ్వాలి, మంచివాడు ఒకసారైనా కళ్ళు తుడుచుకోవాలి. లేకపోతే టికెట్ కొన్నవాడు ఊరుకోడు. ఇది నాకు ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పట్లో నాకూ ఆవిడ మాట రాయి మీద రాతే. మా వీధిలో ఇల్లు అద్దెకివ్వాలన్నా, పనిమనిషిని పెట్టుకోవాలన్నా ముందు ఆ మనిషిని అక్కకు చూపించేవారు.

అక్కకు ఒక్కతే కూతురు. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బెల్లం కొట్టిన రాయి. ఎదురుగా నిలబడి పలకరించినా అతని చూపు మన భుజం మీదుగా పోయి వెనక గోడ మీద ఆగేది. పెళ్ళి మాట వచ్చినప్పుడే అక్క వద్దంది. కూతురు వినలేదు. "నాతో మాట్లాడతాడమ్మా, చాలదా" అందట.

ఆ కూతురు దగ్గుతో మంచం పట్టి, చిక్కి శల్యమై, ఎండలు ముదరకముందే పోయింది. ఇంటినిండా జనం ఏడుస్తున్నారు. అల్లుడు కనిపించకపోతే నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. వంటింట్లో నేల మీద చతికిలబడి, పానా పట్టుకుని, కారుతున్న కుళాయి విప్పుతున్నాడు. నా వెనకే అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది. మర్నాడే మనవరాలి బట్టలు సంచిలో సర్ది పాపను తన ఇంటికి తెచ్చుకుంది.

"నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మొద్దంటారు" అంది నాతో. "ఏడవని మగాడి సంగతి చెప్పడం మర్చిపోయారు మన పెద్దలు. వాణ్ణి అసలు నమ్మకూడదు."

బడులు తెరిచే ముందు అల్లుడు వచ్చాడు.

"పాపను తీసుకెళ్తాను అత్తయ్యా."

"వండిపెట్టేదెవరు?"

"నేనే."

"జడ వేసేదెవరు?"

"నేర్చుకుంటాను."

"జడంటే లిఫ్టు తాడనుకున్నావా, గ్రీజు రాసి బిగించడానికి?"

అతను గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. కదల్లేదు. అక్క, "ఆదివారం మ్యాట్నీకి పాపను తీసుకుని కూర్చో. ఆట అయ్యాక చెప్తాను" అంది.

అతను వెళ్ళాక అసలు సంగతి నాకు చెప్పింది. హాల్లో మనిషి తననెవరూ చూడటం లేదనుకుంటాడట. తెర వెలుగేమో ముఖం మీద పడుతూనే ఉంటుందట. "అక్కడ వేషాలు వెయ్యడం ఎవడి తరమూ కాదే" అంది. ఆ వారం ఆడుతున్నది తల్లి చచ్చిపోయే సినిమా. బెంచీల నుంచి బాల్కనీ దాకా ముక్కులు చీదుకుంటున్నారు. ఊడ్చే ఆవిడ, "ఈ వారం నాకు బకెట్టుతో పని లేదమ్మా, వాళ్ళే తడిపి పోతున్నారు" అని నవ్వేది.

అక్క అతన్ని నడవ పక్క సీట్లో, పాపను అతనికి అవతల కూర్చోబెట్టింది. నేను కిటికీ మూసేసి వచ్చి పక్క తలుపు దగ్గర అక్క పక్కన నిలబడ్డాను. తెర మీద తల్లి దగ్గుతోంది. పక్కన పిల్లవాడు నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. హాలంతా వెక్కిళ్ళు. అల్లుడు తెర చూడటం లేదు. బయటికి దారి చూపే ఎర్ర బల్బు వైపు చూస్తున్నాడు. ముఖం కడిగిన పలకలా ఉంది. ఒకసారి చెయ్యి ఎత్తి వాచీ చూసుకున్నాడు.

"చూశావుగా" అంది అక్క. నేనూ చూశాను.

ఆట వదిలాక, మెట్ల దగ్గర, అక్క అతనితో అంది: "పాప నా దగ్గరే ఉంటుంది బాబూ. నీ లోపల ఏమీ లేదు. తప్పని అనను, కొందరు అలాగే పుడతారు. కానీ ఆడపిల్లని అలాంటి ఇంట్లో పెట్టలేను."

"బాగా చూశారా అత్తయ్యా?" అన్నాడు.

"నా బతుకంతా చూడటమేగా."

తల ఊపాడు. వంగి పాప చెప్పు బకిల్ సరిచేసి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు ఆదివారాలు వచ్చాడు. తరువాత దూరపు ఊళ్ళో పని చూసుకుని అదీ మానేశాడు.

వానలు పడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం అక్క ఇంట్లో టీవీ చూస్తున్నాం. సీరియల్లో ఎవరో దగ్గారు. పాప చటుక్కున చెవి మూసుకుంది.

"ఏమిటే అది?" అంది అక్క.

"ఆ రోజు సినిమాలో నాన్న నా చెవి ఇలాగే మూశాడు అమ్మమ్మా. అమ్మ దగ్గులా ఉందని. వాచీ చూసి, ఇంకొంచెం సేపేనమ్మా అన్నాడు."

"మూస్తే వినిపించలేదా?"

"వినిపించింది. చెయ్యి వణుకుతోంది కదా, సరిగ్గా మూసుకోలేదు. నేను చెప్పలేదు నాన్నకి."

అక్క టీవీ కట్టేసింది. "అమ్మ పోయిన రోజు కుళాయి ఎందుకు విప్పాడే?" అంది.

"ఆ చుక్కల చప్పుడుకి నిద్ర పట్టట్లేదని అమ్మ రోజూ అనేది. రేపు చేస్తా రేపు చేస్తా అనేవాడు నాన్న."

ఆ వారంలోనే ముగ్గురం బస్సెక్కాం. అతను ఉంటున్నది ఒక వర్క్‌షాపు పైన గది. చాప, ఒక కంచం, మేకుకు తగిలించిన చొక్కా. ఉన్న ఒక్క కుర్చీ అక్కకు వేశాడు. అక్క కూర్చోలేదు.

"పాపను తెచ్చాను బాబూ. నేను తప్పు చూశాను."

అతను పాపకు మంచినీళ్ళిచ్చాడు. తాగిందాకా ఆగి గ్లాసు తీసుకున్నాడు.

"మీ దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యా."

"నా మీద కోపమా?"

"కోపం కాదు. మీరు చెప్పాక నన్ను నేను చూసుకోవడం మొదలుపెట్టాను. మీరన్నది నిజమే. లోపల ఏమైనా ఉంటే ఇన్నాళ్ళలో ఎక్కడో ఓ చోట బయటికి రావాలి కదా. రాలేదు. మనుషుల సంగతి నాకు తెలియదు, మీకు తెలుసు."

"నాకేం తెలుసు నాయనా" అంది అక్క. "నాకు తెలిసింది బొమ్మల సంగతి."

"మీ మాట తప్పదంటారు అందరూ" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు మేమిద్దరం అతని ముఖంలోకే చూస్తున్నాం. ఏమీ తెలియలేదు. పాప వెళ్ళి అతని వేలు పట్టుకుంది. కాసేపు పట్టుకోనిచ్చాడు. తరువాత మెల్లగా విడిపించి, ఆ చెయ్యి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.