ఆసుపత్రి వరండాలో తీసిన కొలత

మా తోడల్లుడు మీటింగు గదిలో తెర మీద రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టాడు. ఎడమది నేను రాసిన ప్రోగ్రామ్‌ది, కుడిది అతను రాసినదానిది. ఎంతసేపు పడుతోందో చూపే గీతలు. నాది తాడిచెట్టంత, అతనిది మోకాలెత్తు.

"అన్నయ్య ప్రోగ్రామ్ బాగా అలిసిపోయింది మేడం. దానికి విశ్రాంతి ఇద్దాం," అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

గోదాములో ఏ పెట్టె ఏ అరలో ఉందో వెతికిపెట్టే ప్రోగ్రామ్ అది. ఇద్దరిలో ఎవరిది వేగమైతే వారికే ఆ పని ఉంటుందని, రెండోవారు ఫిర్యాదుల విభాగంలో ఫోన్లు ఎత్తాలని మేనేజరమ్మ ముందే చెప్పింది. మా ఆవిడ పోయాక పొద్దున్నే లేవడానికి నాకున్న పని అదొక్కటే. ఆ సంగతి తోడల్లుడికి తెలుసు. అతని భార్య మా ఆవిడకు సొంత చెల్లెలు.

లేచి తెర దగ్గరికి వెళ్ళాను. నా గ్రాఫులో వెంట్రుకల్లాంటి చారలు కిక్కిరిసి ఉన్నాయి. అతనిదాంట్లో అవి లేవు. అప్పుడు అర్థమైంది.

ప్రోగ్రామ్ ఎక్కడెక్కడ కాలం గడుపుతోందో చెప్పే సాధనం ప్రొఫైలర్. అది రెండు రకాలుగా నడుస్తుంది. ఒకటి అప్పుడప్పుడు తొంగిచూసి పోయే రకం. రెండోది అడుగడుగునా ఆపి, ఎక్కడికి, ఎందుకు అని అడిగి రాసుకునే రకం; ఆపిన ప్రతిచోటా గ్రాఫులో ఒక చార పడుతుంది. అలా ఆపుతూ పోతే ఎవరి నడకైనా కుంటుపడుతుంది. తోడల్లుడు తనది మొదటి రకంతో, ఆఫీసు బల్ల మీద, ఛార్జింగు పెట్టి తీశాడు. నాదని చూపించింది నేను ఎప్పుడో రెండో రకంతో తీసిన రికార్డింగు.

ఎప్పుడో కాదు. మా ఆవిడ ఆయాసంతో లోపల మంచం మీద ఉన్నప్పుడు. ఆసుపత్రి వరండాలో బెంచీ దగ్గర ప్లగ్గు లేదు. బ్యాటరీ మీద ఉంటే నా ల్యాప్‌టాప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. నర్సు ఎప్పుడు పిలుస్తుందో తెలియక, అన్నీ రాసుకునే రకం పెట్టి వదిలేశాను, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చని. పక్కన తోడల్లుడే కూర్చున్నాడు. "నీ ల్యాప్‌టాప్‌కు కూడా ఆయాసం పట్టుకుందే అన్నయ్యా," అని వేళాకోళమాడాడు. అంతలో నర్సు పిలిచింది. ఆ రికార్డింగు నేను మళ్ళీ తెరవలేదు.

అతను తెరిచాడు.

మేనేజరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. అందరూ వాడుకునే ఫోల్డరులో ఉంది కాబట్టి వాడుకున్నానని తోడల్లుడు అన్నాడు. ఆవిడకు మా ఇద్దరిలో ఎవరి మీదా ప్రేమ లేదు. ఒకే యంత్రం, ఒకే డేటా, ఛార్జింగు పెట్టి, తొంగిచూసే రకంతోనే ఇద్దరివీ తన ఎదుట నడపమంది. మొదటిసారి నడిపినప్పుడు డేటా ఇంకా డిస్కులోంచి రావాలి, ఆలస్యమవుతుంది. ఆ లెక్క ఇద్దరిదీ కొట్టేయించింది.

గీతలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఇంచుమించే. ఎన్నిసార్లు నడిపినా అతనిది ఒక వెంట్రుకవాసి పొట్టిగానే ఉంది.

అతనిదే ఉంచుతామని, నన్ను సోమవారం నుంచి ఫోన్ల దగ్గరికి వెళ్ళమని మేనేజరమ్మ తేల్చింది. తోడల్లుడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎలా కొలిచినా నాదే గెలిచేది కదన్నయ్యా. మనసులో పెట్టుకోకు. మీ మరదలు రేపు భోజనానికి రమ్మంది."

ఆ చెయ్యి తీసేశాను. మా ఆఫీసులో ప్రతి గ్రాఫు కింద అది ఏ పరిస్థితిలో తీసిందో రాయాలి. నా గ్రాఫు కింద అతను ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. దాన్ని నివేదికలోంచి తీసెయ్యవద్దని, పెట్టినవాడితోనే పూర్తి చేయించమని మేనేజరమ్మను అడిగాను. సరేనంది.

అతను కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఏ యంత్రమో నన్నడిగి రాశాడు. ఛార్జింగులో లేదని రాశాడు.

"చోటు?" అన్నాడు తల ఎత్తకుండా.

"నీకు తెలుసు. పక్కనే కూర్చున్నావు."

'ఆఫీసు బయట' అని కొట్టాడు.

"సరిగ్గా రాయి."

చెరిపాడు. చివరికి 'ఆసుపత్రి వరండా' అని రాశాడు. అది కొట్టేదాకా అతని వెనకే నిలబడ్డాను.

బయటికి వచ్చి మరదలికి ఫోన్ చేశాను. భోజనానికి రానని చెప్పాను. ఎందుకు బావా, ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

"ఎందుకో మీ ఆయన్నే అడుగు. ఎక్కడ తీసిన గ్రాఫు పెట్టాడో చెప్పమను," అని పెట్టేశాను.