సముద్రం బోయో

హనువబాదలో బోయో అనే పేరున్న ఆడవాళ్ళు నలుగురున్నారు. ఏ బోయో అని అడగక్కర్లేనిది మాత్రం ఒక్కతే. "సముద్రం బోయో" అంటే చాలు, నీళ్ళలో గుంజల మీద నిలబెట్టిన ఇళ్ళ వరసలో చిట్టచివరిది చూపిస్తారు. చూపించి ఊరుకుంటారా, పడీపడీ నవ్వుతారు కూడా. ఆ నవ్వంటే బోయో మనవరాలు గేవాకి చిన్నప్పట్నుంచీ ఒళ్ళు మంట.

కథ ఊరందరికీ తెలిసిందే. ఆడవాళ్ళ క్రికెట్‌లో దీవుల కప్పు మొట్టమొదటిసారి సమోవాలో పెట్టినప్పుడు తమ దేశం పాపువా జట్టుకి బోయోనే కెప్టెన్. ఫైనల్లో సమోవా మీద గెలవడానికి ఇంకా పది పరుగులు కావాలి, చేతిలో ఒక్కటే వికెట్టు. అప్పుడు బోయో ఎత్తి కొట్టిన బంతి మైదానం దాటి, కొబ్బరిచెట్లు దాటి, వెళ్ళి సముద్రంలో పడింది. సిక్సరు! జనం గొంతులు చించుకుంటున్నారు. ఈవిడేం చేసింది? బ్యాటు అవతల పారేసి, కాళ్ళకున్న ప్యాడ్లతో సహా పరిగెత్తుకెళ్ళి నీళ్ళలో దూకింది!

హనువబాదలో పిల్లలు ఇళ్ళ మధ్య చెక్కబాటల మీద ఆడతారు. బంతి నీళ్ళలో పడిందా, అవుటే. కొట్టినవాళ్ళే దూకి తెచ్చివ్వాలి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అదే ఆట ఆడిన మనిషి, అలవాటు ఎక్కడికి పోతుంది? ఈదుకుంటూ పోయి బంతి పట్టుకొచ్చింది. నీళ్ళోడుతున్న ప్యాడ్లతోనే మళ్ళీ బ్యాటు పట్టింది. తర్వాతి బంతికి రెండో పరుగు తీయబోతే తడిసిన ప్యాడ్ల బరువుకి కాళ్ళు సాగలేదు. గీతకి జానెడు దూరంలో రనౌటు. రెండు పరుగుల తేడాతో కప్పు సమోవాకి పోయింది.

అది జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నాళ్ళకి దీవుల కప్పు హనువబాదని ఆనుకునే ఉన్న పోర్ట్ మోర్స్‌బీకి వచ్చింది. ఫైనల్లో ఆడబోయేది మళ్ళీ పాపువా, సమోవాలే. ఆట మొదలయ్యే ముందు ఆ తొలి కప్పులో ఆడినవాళ్ళని మైదానంలోకి పిలిచి సత్కరిస్తారట. పాపువా బ్యాటింగుని మొదలుపెట్టేది గేవా. అమ్మమ్మ రాదేమోనన్న బెంగ ముందు దానికి ఆట బెంగ కూడా లెక్కలోకి రాలేదు.

"నేను రాను," అంది బోయో కొబ్బరిపాలలో అరటికాయ ముక్కలు వేస్తూ.

"కెప్టెన్‌వి నువ్వు. నువ్వు లేకుండా మిగతావాళ్ళు వరసలో నిలబడితే ఏం బావుంటుంది?"

"మోకాళ్ళు నొప్పులే."

"నిన్న చేపల బజారు దాకా నడిచెళ్ళావుగా!"

"చేపల కోసం నడవడం వేరు."

గేవా గరిటె లాక్కుంది. "అమ్మమ్మా, బ్యాటు ఎలా పట్టుకోవాలో ఈ చెక్కల మీదే నేర్పావు. ఇంతకాలం ఆ కప్పు ఎక్కడెక్కడో పెట్టారు, నువ్వు రాలేకపోయావు. ఇప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. నేనాడుతుంటే నువ్వు చూడాలని ఉండదా నాకు?"

ఇంతలో చెక్కబాట మీద పోతున్న హిటోలో, ఆ పక్కింటాయన, లోపలికి తొంగిచూశాడు. "వదినా, రేపు గ్రౌండుకి ఈతబట్టలు తెచ్చుకో! సముద్రం కాస్త దూరం, బస్సెక్కి వెళ్ళి దూకాలి!"

"నీ పెళ్ళినాడు పడవలోంచి బోర్లా పడితే నిన్ను తీసింది ఎవర్రా? ఆ బట్టలే తెస్తాలే, పో!"

హిటోలో నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బోయో కూడా నవ్వింది. గేవాకే నవ్వు రాలేదు. ఈ నవ్వులకి భయపడే రానంటోందని దాని నమ్మకం. పైకి నవ్వుతుంది గాని లోపల ఎంత కుమిలిపోతోందో అనుకుంది.

సాయంత్రం చెక్కబాట కిర్రుకిర్రుమంది. చేతికర్ర పట్టుకుని, ఆయాసపడుతూ, భారీ మనిషి ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. లనువోలా. ఆ తొలి కప్పులో సమోవా కెప్టెన్, రేపటి ఫైనల్‌కి ముఖ్య అతిథి. ఆవిడ చంకలో బట్టంత మెత్తగా నేసిన చాప ఉంది. ఏళ్ళ తరబడి కూర్చుని నేస్తే గాని కాని చాప అది. సమోవా వాళ్ళు దాన్ని ఊరికే ఎవరికీ ఇవ్వరు.

"బోయో! బతికే ఉన్నావే!"

"నువ్వింత లావయ్యావేమే! నా చెక్కలు విరుగుతాయి, ముందు కూర్చో!"

ఇద్దరూ చాలాసేపు చేతులు వదల్లేదు. గేవా కొబ్బరిబోండాం కొట్టి తెచ్చింది. అది తాగడం కాగానే లనువోలా అసలు సంగతికి వచ్చింది.

"రేపు మైకు నా చేతికిస్తారట. అందరి ముందూ చెప్పేసి, ఈ చాప నీ భుజాల మీద కప్పుతాను."

"ఏం చెప్పేస్తారత్తా?" అంది గేవా.

"నోరు మూసుకో లనువోలా," అంది బోయో.

లనువోలా మూసుకోలేదు. గేవా వైపు తిరిగింది. "ఆ రోజు అప్పటికే రెండు బంతులు సముద్రంలో కొట్టుకుపోయాయమ్మా. మిగిలింది ఒక్కటే. అంపైరు మా కెప్టెన్లిద్దర్నీ పక్కకి పిలిచి చెప్పాడు. ఇది కూడా పోతే ఆట ఇక్కడితో సరి, అన్ని ఆటలూ గెలిచి ఫైనల్‌కి వచ్చిన జట్టుకే కప్పు, అని. అన్నీ గెలిచింది మీ అమ్మమ్మ జట్టే. ఆ బంతి నీళ్ళలో పడ్డప్పుడు మా పిల్లలు ఒడ్డునే ఆగిపోయారు. అక్కడ నీటి లాగుడు అలాంటిది. మీ అమ్మమ్మ ఉన్నచోట ఊరికే నిలబడి ఉంటే చాలు, కప్పు మీదే."

గేవా గిర్రున అమ్మమ్మ వైపు తిరిగింది.

"పాపం, అలవాటుకొద్దీ దూకింది, ఆ హడావిడిలో అంపైరు మాట మరిచిపోయింది అనుకున్నాను," అంది లనువోలా. "ఈ ముక్క చెప్పకుండా చచ్చిపోకూడదని వచ్చాను."

"మరిచిపోవడమేమిటే?" బోయోకి కోపమొచ్చింది. "మరిచిపోయే వయసా అప్పుడు నాది?"

ఇద్దరూ బోయోనే చూస్తున్నారు.

"అలా చూస్తారేం? బంతి కొట్టుకుపోతోంది. ఆట ఇంకా అయిపోలేదు. ఆట నడిమధ్యలో అలా ఎలా వదిలేస్తాం? పైగా కావలసింది నాలుగు పరుగులు. ఆ మాత్రం కొట్టలేనా అనుకున్నా. ప్యాడ్లు అన్నేసి నీళ్ళు తాగుతాయని ఎవరికి తెలుసు!"

లనువోలాకి ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. గేవాకి మాత్రం కోపం ముంచుకొచ్చింది.

"మరి ఊళ్ళో ఒక్కరికైనా చెప్పలేదేం? నిన్ను వెక్కిరించారని బళ్ళో నేనెంతమంది జుట్లు పీకానో తెలుసా?"

"తెలుసు. వాళ్ళమ్మలు వచ్చి నాకే చెప్పుకునేవాళ్ళు." బోయో గొంతు తగ్గించింది. "చెప్పి ఏం చెయ్యనే? కప్పు నా ఒక్కదానిదా? చంటిపిల్లల్ని వదిలి వచ్చారు నా జట్టువాళ్ళు. వాళ్ళని అడిగి దూకానా? కప్పు పోతుందని తెలిసీ దూకానంటే వాళ్ళ మనసు కష్టపడదూ? తిక్కది, అలవాటుకొద్దీ దూకిందనుకుంటే నవ్వి ఊరుకుంటారు. నవ్వనీ. ఇక ఈ సమోవా వాళ్ళా, నన్ను రనౌటు చేసి గెలిచారు. కప్పు నేనిచ్చానంటే ఆ గెలుపు చిన్నబోదూ?"

"అయితే నువ్వు రానన్నది..." అంది గేవా.

"ఇది వస్తోందని విన్నాను కాబట్టి. ఇది మైకు పట్టుకుంటే ఆగుతుందా?"

లనువోలా కళ్ళు తుడుచుకుంది. "మరి రేపు నన్నేం చెప్పమంటావు?"

"బోయోతో ఆడానని చెప్పు. అది అబద్ధం కాదుగా. నోరు కట్టేసుకుంటానంటే వస్తాను." బోయో మనవరాలి వైపు చూసింది. "నువ్వూనే."

గేవాకి అంత కష్టమైన మాట అంతకు ముందెన్నడూ ఇవ్వాల్సి రాలేదు. ఇన్నేళ్ళూ ఊరి నోరు మూయించే మాట ఒక్కటి దొరికితే బావుండునని కాచుకుని ఉంది. తీరా దొరికాక దాన్ని మింగేయమంటోంది అమ్మమ్మ. అయినా సరే, ఆ చేతిలో చెయ్యి వేసింది.

మర్నాడు మైదానం కిటకిటలాడింది. మొదటి కప్పులో ఆడినవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచారు. చివర్లో మైకులో "మన సముద్రం బోయో!" అన్నారో లేదో, హనువబాద జనమంతా లేచి నిలబడి గాల్లో ఈత కొట్టారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అప్పటి జట్టు ముసలమ్మలే. ఒకావిడ నవ్వలేక కడుపు పట్టుకుని పక్కావిడ మీద వాలిపోయింది. వాళ్ళు అంత హాయిగా నవ్వుతుంటే గేవాకి మొదటిసారి కోపం రాలేదు. వాళ్ళకోసం అమ్మమ్మ దాచిపెట్టింది ఆ నవ్వేనని అర్థమైంది. అమ్మమ్మ మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే కళ్ళ ముందు మైదానమే మసకబారింది.

లనువోలా మైకు అందుకుంది. బోయో వైపు ఓసారి, గేవా వైపు ఓసారి చూసింది. "నేను బోయోతో ఆడాను," అంది చివరికి. ఆ చాప విప్పి బోయో భుజాల మీద కప్పి, ముఖ్య అతిథి అయుండీ ఆమె ముందు తల వంచింది. సమోవా ఆటగాళ్ళు తమలో తాము ఏదో గుసగుసలాడుకున్నారు.

ప్యాడ్లు కట్టుకుని నిలబడ్డ గేవాని పక్కనున్న జట్టు పిల్ల కోనియో మోచేత్తో పొడిచింది. "ఏమే, అంత గొప్ప చాప మీ అమ్మమ్మకెందుకిచ్చారే?"

గేవా హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుంది.

"బాగా ఈదిందని," అంది.