వేరు దిగిన తిట్టు

తెల్లారగానే సావ్కా ముసలమ్మ కంచె దగ్గరికొచ్చి కోడలు మిలుంకాని తిట్టిపోసేది. తిట్టు పడ్డచోటల్లా మంచు చీల్చుకుని ఒక కుకురెక్ పువ్వు లేచేది, తల వంచుకుని. మా కొండమీద ఆ పువ్వు తిట్టుకే పుడుతుంది. నమిలితే మనిషికి నూకలు చెల్లినట్టే. వేరు ముక్క చెవికి గుచ్చితే మాత్రం చావబోయే పశువు లేచి నిలబడుతుంది. తిట్టినవాళ్ళ మనసు మెత్తబడిందా, మొక్కా ఎండుతుంది, పశువూ కూలుతుంది. అందుకే మా ఊళ్ళో పశువులున్న ఇళ్ళ మధ్య సఖ్యత తక్కువ.

“ఇదిగో, మింగి చావు!” అంటూ తిట్ల చివర మొక్కజొన్న రొట్టె కంచె మీంచి అందించేది సావ్కా. కొడుకు రదోయె అడవిలో చెట్టు మీదపడి పోయినప్పట్నుంచీ ఇదే వరస.

ఆ ఫిబ్రవరిలో మిలుంకా గుర్రం దోరా పడకేసింది. దుంగలు లాగే ఆ గుర్రం పోతే మిలుంకా అన్నల పంచన చేరాలి, వదినల చేత మాటలు పడాలి. పార పట్టుకుని పెరట్లో పువ్వులన్నీ పెకలించింది. ఒక్కదానికీ వేరు లేదు! మనసులో కోపం లేని తిట్టుకి వేరెలా దిగుతుంది? ఇన్నాళ్ళూ ముసలిది ఉత్తినే నోరు పారేసుకుందన్నమాట. మిలుంకాకి ఏడుపొచ్చింది. అయినా కళ్ళు తుడుచుకుని కంచె దగ్గరికి వెళ్ళింది.

“అత్తా, ఆ రోజు గాలి బాగాలేదు, వెళ్ళనన్నాడు రదోయె. చేతగానివాడా అని దెప్పి నేనే పంపించాను.”

సావ్కా చేతిలో రొట్టె జారిపోయింది.

“ఏమన్నావే?”

“నేనే పంపానన్నాను.”

“నా కొడుకుని మింగావటే, రాక్షసీ! నీ నోట్లో మన్ను పడ! నువ్వు చచ్చేటప్పుడు కొవ్వొత్తి వెలిగించే దిక్కు కూడా లేకుండా పోను!”

మిలుంకా కాళ్ళ దగ్గర పిడికిలంత పువ్వు లేచింది, నల్లగా. దాని వేరుకి పార చాల్లేదు, గునపం దించాల్సొచ్చింది.

మధ్యాహ్నానికి దోరా లేచి గడ్డి మేసింది.

నిజానికి ఆ రోజు వెళ్ళొద్దని రదోయె చొక్కా పట్టుకుని బతిమాలింది మిలుంకాయే.

ఈస్టర్‌కి సావ్కా ఇంటింటికీ ఎర్రగుడ్లు పంచింది. మిలుంకా గుమ్మం ముందు తుపుక్కున ఉమ్మి ముందుకెళ్ళిపోయింది. “అబద్ధం చెప్పానత్తా” అన్న మాట మిలుంకా నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, రొట్టె మళ్ళీ కంచె దాటొస్తుంది.

వెనకనుంచి దోరా ముక్కుతో ఆమె భుజం పొడిచింది.

మిలుంకా ఆ మాట మింగేసింది. గుర్రానికి పట్టీలు బిగించి, దుంగలకి అడవిలోకి తోలుకెళ్ళింది.