చదివాకే సంతకం

కూతురు సిమోనా మరచిపోయిన ఉన్ని టోపీ ఇద్దామని వెళ్లిన యోలానా బడి గుమ్మంలోనే ఆగిపోయింది. రెండో తరగతి గదిలోంచి ఎవరో తన కూతురి సంచి తెచ్చి, వెనక వసారాలో, చదువు రాదన్న పిల్లల్ని కూచోబెట్టే ప్రత్యేక తరగతి ముందు పడేశారు. పిల్ల సంచి వెంట నడిచిపోతోంది. ఏడవడం లేదు.

యోలానా చదివిందీ ఆ గదిలోనే. ఏళ్లకేళ్లు కూచుంటే వచ్చింది రంగు కాగితాలు కత్తిరించడం, తన పేరు రాయడం. ఆ పేరే ఇప్పుడు కొంప ముంచింది.

"మీరే ఒప్పుకున్నారు కదమ్మా," అని పెద్ద పంతులమ్మ హల్కోవా సంతకం చూపించింది.

సంతకం తనదే. పోయిన నెల హల్కోవా కొండ మీది రోమా జిప్సీల వాడకు వచ్చింది. ఊళ్లో గాజోలు, అంటే రోమాలు కానివాళ్లు, వాడ గుమ్మం తొక్కరు. తొక్కినా మంచినీళ్లు ముట్టరు. ఈమె మాత్రం ఇంటింటా కూచుని, కాఫీ తాగి, కప్పు కింద పెట్టాకే కాగితం తీసింది. తమ కాఫీ తాగిన మనిషిని ఇందులో ఏముందని నిలదీయడం వాడలో మర్యాద కాదు. మధ్యాహ్నం భోజనం సంగతేమో అనుకుని యోలానా సంతకం పెట్టింది. తక్కిన తల్లులూ అంతే.

సాయంత్రం కొళాయి దగ్గర వాడంతా పోగైంది. పిల్లలకు బడి భాష స్లోవాక్‌లో పరీక్ష పెట్టారని, ఇంట్లో తమ రోమానీ భాష తప్ప వినని పిల్లలు బొమ్మల పేర్లు చెప్పలేకపోతే బుద్ధిమాంద్యమని రాశారని అక్కడ తేలింది. గొడవ పడితే సర్కారు సాయం ఆపేస్తారని పక్కింటి మార్సెలా భయపడింది. మగవాళ్లు బూట్ల వంక చూస్తూ నిలబడ్డారు.

యోలానా అత్త ఇలోనా బిందె కింద పెట్టింది. "నేనూ ఆ గదిలోనే కూచున్నానే మార్సెలా. నువ్వు కూచున్నావు, నా కోడలు కూచుంది. ఇప్పుడు నీ కొడుకు. వాడ మొత్తానికీ బుర్ర లేదంటే నువ్వు నమ్ముతావా?"

పట్నంలో కాలేజీ చదివే మార్సెలా చెల్లెలు లిడియా ఫోనులో విషయం చెప్పింది. తల్లికి అర్థమయ్యేలా చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు చెల్లదట. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చట. చాలాసేపు వాదించుకున్నాక ఒక్క మాట మీదికి వచ్చారు. ఇక ఎవరి ఇంట్లో వాళ్లు సంతకం పెట్టరు. పెడితే అందరి ముందూ, చదివించుకున్నాకే.

ఇంకో సంతకం మిగిలిందంటూ హల్కోవా మళ్లీ కాగితాలతో వచ్చేసరికి కొళాయి పక్కన బల్ల వేసి ఉంది. చుట్టూ తల్లులు. పోయినసారి ఆమె పంచదార ఎక్కువ అడిగిందని గుర్తుంచుకుని ఇలోనా ఇంకో చెంచా వేసింది. ఆమె తాగి, కాగితం తీసింది.

"చదవండి మేడం," అంది యోలానా.

"మామూలు కాగితమేనమ్మా."

"మామూలుదైతే చదవడానికేం?"

ఆమె చదివింది. పట్నం నుంచి బస్సెక్కి వచ్చిన లిడియా ఒక్కో వాక్యాన్నీ రోమానీలోకి మార్చింది. బుద్ధిమాంద్యం అన్నచోట మార్సెలా తన కొడుకును దగ్గరికి లాక్కుంది. తల్లి పూర్తిగా తెలుసుకుని ఒప్పుకుంటోంది అన్నచోట ఎవరో పకపకా నవ్వారు.

"నేను ఒప్పుకోను. పోయిన నెల ఇచ్చిందీ వెనక్కి తీసుకుంటున్నా," అంది యోలానా.

"నేనూ," అంది మార్సెలా. ఆ మాట బల్ల చుట్టూ తిరిగింది.

హల్కోవా లేచింది. పోలీసులకు చెప్పాల్సి వస్తుందంది. కాఫీ ఇచ్చి ఇలా అవమానిస్తారా అంది.

"మిగిలింది తాగి వెళ్లండి," యోలానా కప్పు ఆమె ముందుకు జరిపింది. "మా కాఫీకీ మా సంతకానికీ సంబంధం లేదు మేడం."

పొద్దున్నే తల్లులంతా పిల్లలతో కొండ దిగారు. బడి ముందు పోలీసు కారు ఉంది. సిమోనా సంచి పట్టుకుని రెండో తరగతి వైపు అడుగేసిన యోలానాను పోలీసులు రెక్క పట్టి కారు వైపు లాగారు. సంచి జారింది, పిల్ల టోపీ మంచులో పడింది. కుర్ర పోలీసు ఒకడు వంగి, టోపీ దులిపి, ఎవరి వంకా చూడకుండా సిమోనా తలకు పెట్టాడు.

తనను ఎక్కించుకున్న కారు మలుపు తిరిగేలోపు యోలానా వెనక్కి చూసింది. సిమోనా సంచి ఇప్పుడు మార్సెలా భుజాన ఉంది. మార్సెలా వెనక ఇలోనా, ఇలోనా వెనక తల్లులంతా, తలా ఒక సంచితో తరగతి గదుల్లోకి నడుస్తున్నారు.