కనకరత్నాన్ని వాగు దాటించిన మంచం

నేను ఒక నులక మంచాన్ని. గోదావరి జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని తుంగభద్ర కాలువ కిందికి వలస వచ్చిన రైతులు, ముళ్ల తుప్పలు కొట్టి క్యాంపు వేసుకున్న కొత్తలో పుట్టాను. కొట్టిన తుమ్మ చెట్టునే చెక్కి నాకు కోళ్లు పెట్టాడు పేరయ్య. అతని భార్య కనకరత్నానికి నెలలు నిండుతున్నాయి. తేళ్లు తిరిగే నేల మీద ఆమెను పడుకోబెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

పక్క పొలం మరిగౌడది. తరతరాలుగా అక్కడే ఉన్న కన్నడ రైతు. గట్టు ఎవరిదన్న తగువుతో ఇద్దరికీ మాటల్లేవు. కనుచూపు మేరా మట్టే ఉన్నచోట మూరెడు మట్టి కోసం మొహాలు తిప్పుకోవడం నాకు వింతగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ముసురులో కనకరత్నానికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, పట్నం ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ మంత్రసాని చెప్పింది. బండి క్యాంపు దాటీ దాటకముందే రేగడి బురదలో ఇరుసు దాకా దిగిపోయింది.

"ఒరే పేరయ్యా, మంచం పట్రారా! మోసుకెళ్లిపోదాం," అని అరిచింది కనకరత్నం అత్త మంగతాయారు.

క్యాంపులో మిగతా మగవాళ్లంతా కాలువ పనికి వెళ్లారు. పేరయ్య, అతని తమ్ముడు, మంగతాయారు తలా ఒక కోడు భుజానికెత్తుకున్నారు. నాలుగో మూల ఒరిగిపోతోంది. గట్టు మీంచి చూస్తున్న మరిగౌడ పరుగెత్తుకొచ్చి, ఎవరినీ అడక్కుండా ఆ కోడు కింద భుజం పెట్టాడు.

దారిలో అడ్డొచ్చిన వాగు నడిమధ్య నీళ్లు నా నులకను తాకాయి. కనకరత్నం పట్టెను గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

"భయపడబేడ తంగీ, అన్నను నేనున్నా," అన్నాడు మరిగౌడ.

ఆసుపత్రి వరండాలో నన్ను దించారు. ఆమెను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. చాలాసేపటికి పసిబిడ్డ కేక. నర్సు వచ్చి, "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమమే," అంది. పేరయ్య నా మీద కూలబడి బావురుమన్నాడు. మరిగౌడ చేతులు పట్టుకుని, "గౌడా, ఆ గట్టు..." అన్నాడు.

"గట్టు సంగతి తర్వాత పోట్లాడుకుందాం లేప్పా. ముందు బెల్లం తెప్పించు."

అన్నట్టే ఆ వారంలోనే పోట్లాడుకున్నారు. కాకపోతే ఈసారి నా మీదే కూర్చుని, మజ్జిగ తాగుతూ.

ఇళ్లు మిద్దెలయ్యాక నన్ను పశువుల పాకలో పడేశారు. పొయ్యిలోకి పోతానన్న దిగులు పట్టుకుంది. ఇంతలో క్యాంపువాళ్లు పాడుపడ్డ రైసుమిల్లును బాగుచేసి, తొలినాటి సామాన్లతో మ్యూజియం పెట్టారు. ఆనాడు పుట్టిన పిల్ల సుభాషిణి వచ్చి, "దీన్ని కొట్టారంటే ఊరుకోను," అని నన్ను అక్కడికి పట్టుకెళ్లి కొత్త నులక అల్లించింది. హమ్మయ్య అనుకున్నాను.

మొన్న కనకరత్నం కర్ర పట్టుకుని చూడ్డానికొచ్చింది. నా పక్కన 'ముట్టుకోరాదు' అని బోర్డు.

"అమ్మగారూ, అది చూసేదండీ, కూర్చునేది కాదు," అన్నాడు కాపలా మనిషి.

"చూశాలే నాయనా. కాస్త నడుం వాల్చనీ."

వాల్చింది. చూస్తుండగానే గురక. కాపలా మనిషి కాసేపు తటపటాయించి, బోర్డును గోడవైపు తిప్పేశాడు. ఆమె మొహం మీద ఎండ పడుతోందని కిటికీ రెక్క మూశాడు. లోపలికొస్తున్న వాళ్లతో గొంతు తగ్గించి, "ముందు నాగళ్లు చూసి రండి బాబూ," అన్నాడు.