నిలబడి తీసే కలుపు

బోల్టు రెండు చుట్లు బిగించి, మళ్లీ ఒక చుట్టు వదులు చేసింది. కలుపు బండి కత్తి అంగుళం కన్నా లోతు దిగితే క్యారెట్ మొలకల వేళ్లు తెగుతాయి. నాలుగడుగులు తోసింది, ఒంగి చూసింది. ఇంకా నచ్చలేదు.

కూరగాయల సాగు నేర్పే ఆ శిక్షణ కేంద్రంలో ఇరవై ఎనిమిదేళ్లుగా అందరూ ఆమెను చక్రం టీచరనే పిలుస్తారు. చెవుల వెనక్కి దోపిన నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా మట్టి, ఒకచోట నిలవని కాళ్లు. ఎవరింటికెళ్లినా వాకిట్లో రాళ్ల సందుల్లో గడ్డి పీకనిదే లోపలికి అడుగుపెట్టదు. బస్సు నడిపి రిటైరైన భర్త, ఆమెకు బ్రేకులు పెట్టడం మరిచిపోయి భూమ్మీదికి పంపారంటాడు. సాయంత్రం గుండె డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్లాలని పొద్దున కూడా చెప్పాడు. వెళ్దాంలే అనేసరికే ఆమె వీధిలో ఉంది.

వాళ్లమ్మ కలుపు కూలి. పొద్దస్తమానం గొంతుక్కూర్చుని వరుసల వెంట జరిగి జరిగి, యాభై ఏళ్లకే నడుము వంగిపోయింది. చివరి రోజుల్లో మనుషుల్ని పాదాలను బట్టి గుర్తుపట్టేది. ఆ నడుమే కూతుర్ని కుదురుగా ఉండనివ్వలేదు. రెండెకరాలు కౌలుకు చేస్తూ టమాటా, ఉల్లి పండించే రోజుల్లో పాత సైకిల్ చక్రానికి కత్తి బిగించి, నిలబడి కలుపు తీసే బండి చేసింది. అది చూసే కేంద్రం వాళ్లు పాఠం చెప్పమని పిలిచారు.

ఆ రోజు క్లాసుకు పన్నెండుమంది కూలి ఆడవాళ్లు వచ్చారు. కలుపు కంటికి ఆనాక తీస్తే ఆలస్యమైనట్టేనని, మట్టిలో మొలక తెల్లదారంలా ఉన్నప్పుడే కదిలించాలని చెప్పి ఒక్కొక్కరి చేత బండి తోయించింది. వెనక నిలబడ్డ ఒకామె మాత్రం పిడి ముట్టుకోలేదు. నలభై ఏళ్లుంటాయి, వేళ్ల కణుపులు పగిలి ఉన్నాయి.

"దీంతో ఒక్కదాన్నే పదిమంది పని చేస్తాను. బాగుంది. మిగతా తొమ్మిదిమందీ ఏం తినాలి టీచరుగారూ?"

పుస్తకంలో జవాబుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ చేతులు చూశాక దాన్ని మింగేసి, పిడి పక్కామెకు అందించింది.

మధ్యాహ్నం పనిముట్ల షెడ్డు చుట్టూ తిరిగింది. లోపల పాత బండ్లు పదకొండు తుప్పు పడుతున్నాయి. అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకెళ్లి, వాటిని ఆ ఆడవాళ్లందరి పేరున ఉమ్మడిగా ఇచ్చెయ్యమని అర్జీ పెట్టింది. పైవాళ్లను అడగాలన్నాడు ప్రిన్సిపాలు. అడగమంది, అందాకా అక్కడే ఉంటానంది. అతని గది ముందు వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరగడం మొదలుపెట్టింది. గంట తిరిగేసరికి అతనికే కళ్లు తిరిగి సంతకం పెట్టాడు.

ఆడవాళ్లు గేటు దగ్గర బస్సు కోసం చూస్తున్నారు. పొద్దున అడిగినామె దగ్గరికి వెళ్లింది.

"నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదమ్మా. మా అమ్మ నడుమే చూశాను. ఆమె కూలి పోతుందేమోనని ఎప్పుడూ ఆలోచించలేదు. పదకొండు బండ్లు మీ పేరున రాయించాను. తోటల ఆసాములు కొనకముందే మీరు పట్టుకోండి. పని మీ చేతుల్లోనే ఉంటుంది."

ఆమె ప్రిన్సిపాలు సంతకం పెట్టిన కాగితం తీసుకుని రెండుసార్లు మడిచింది.

"అయితే నాకిచ్చేదానికి పిడి కొంచెం కిందికి దించండి. నేను పొట్టిదాన్ని."

పొట్టామె షెడ్డుకొచ్చి పక్కనే నిలబడగా టీచరు బోల్టులు విప్పి పిడి దించి ఇచ్చింది. తర్వాత బస్సు వచ్చింది, వెళ్లింది.

అయిదు గంటలకు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి భర్త వచ్చాడు. తోట చివర గట్టు మీద, కంచె రాటకు ఆనుకుని ఆమె కూర్చుని ఉంది. కూర్చుని ఉండడం చూసి, అంత దూరంలోనే అతని కాళ్లు ఆగిపోయాయి. రెండుసార్లు పిలిచినా ఆమె కదల్లేదు.

మర్నాడు ఉల్లినారు వెయ్యాల్సిన మడిలో, వరుస కోసం ఆమె లాగిన తాడు ఒక కొస మేకుకు బిగించి ఉంది. రెండో కొస ఇంకా విప్పని ఉండలోనే ఉంది, తడిమట్టి మీద, సగం దారిలో.