సున్నా వరుసలు

“ఇంట్లో ఎవురూ లేరు నాయనా, నేనొక్కదాన్నే ఉండా,” అని మగ్దలీనమ్మ ఫోనులో కొడుక్కి చెప్పింది. పక్కనే కోడలు అబిగయీలు రొయ్యలు ఒలుస్తోంది. అత్తకు చూపు మందమేమీ కాదు, బియ్యంలో రాయిని ఆమడ దూరం నుంచి పట్టేస్తుంది. కోడలి వైపు చూస్తూనే ఆ మాట అంది. పెళ్ళయిన కొత్తలో ఇలాంటప్పుడు అబిగయీలుకి ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు అలవాటైపోయింది.

తడ దగ్గర ఫ్యాక్టరీలో స్టోర్సు ఉద్యోగం పడితే అబిగయీలు అర్జీ పెట్టుకుంది, సోమవారం పరీక్ష. కంప్యూటర్లో వివరాలు పట్టికలుగా కట్టి, కావలసింది వెతికే భాష, ఎస్‌క్యూఎల్, రావాలి. పెళ్ళికి ముందు చేసిన ఉద్యోగం “ఇంటి దగ్గర ఎవురుంటారు” అన్న ఒక్క మాటతో పోయింది. ఇదీ పోతే తాను ఈ గోడల్లో కలిసిపోతానని ఆమెకు భయంగా ఉంది.

భర్త జడ్సన్ తన ఆఫీసులో వాడే మైఎస్‌క్యూఎల్‌నే లాప్‌టాప్‌లో ఎక్కించాడు. దానికి సర్వరు నడుస్తుండాలి, పాస్‌వర్డు కొట్టాలి. “పాస్‌వర్డు నేనొచ్చినాక కొడతాలే, నువ్వు కెలికితే చెడిపోద్ది,” అన్నాడు. అతను వచ్చే వేళకి ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. అట్లా చాలా సాయంత్రాలు పోయాక, తనే వెతికి ఎస్‌క్యూలైట్ ఎంచుకుంది. సర్వరు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, ఉన్నదంతా ఒక్క ఫైలు. కొత్తగా నేర్చుకునే మనిషికి, అందులోనూ ఆడమనిషికి, ఇంతకన్నా ఏం కావాలి?

నెట్‌లో దొరికిన మొదటి పాఠంలో ఇంట్లోవాళ్ళ పేర్లతో పట్టిక కట్టమన్నారు. ఆలోచించే పనే లేకపోయింది. దీపాల వేళ కుటుంబ ప్రార్థనలో అత్త అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెబుతుంది కదా, ఆ వరసనే లోపల అనుకుంటూ కొట్టేసింది. జడ్సన్, ఆడబిడ్డ కరుణాకుమారి, ఆమె భర్త, వాళ్ళ పిల్లలు, చివరికి ఈనబోయే బర్రె. ఇప్పుడు మీ పేరు వెతకండి అంది పాఠం. వెతికింది.

సున్నా వరుసలు.

కొత్త కదా, తానే తప్పు కొట్టి ఉంటుందని మళ్ళీ కొట్టింది. సున్నా. బర్రె అని కొడితే బర్రె వచ్చింది. మెడ మీద ఎవరో చల్లగా ఊదినట్టయింది. అంతలో చేపలమ్మే మనిషి కిటికీ దగ్గర ఆగి, ఊచల్లోంచి సరిగ్గా ఆమె మొహంలోకే చూసి, “ఎవురూ లేనట్టుండాదే,” అనుకుంటూ వెళ్ళిపోయింది. అబిగయీలు చెయ్యి గిల్లుకుంది. నొప్పి పుట్టింది. పుట్టినందుకు ఏడుపొచ్చింది.

పేరు చేర్చడానికి ఒక్క వాక్యం చాలు, పాఠంలో అదీ ఉంది. వేళ్ళు కదల్లేదు. పట్టికలో తప్పేం లేదు. ఇన్నేళ్ళూ ఆ ప్రార్థనకి అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది తనే.

ఆ సాయంత్రం మగ్దలీనమ్మ బర్రె దాకా వచ్చి ముగించింది. తల్లీకొడుకులు ఆమేన్ అన్నారు. ఆ తర్వాత రావాల్సిన గట్టి ఆమేన్ రాలేదు. అత్త కళ్ళు తెరిచి, చీకట్లో తడుముకుంటున్నట్టు చుట్టూ చూసి, “అబిగయీలూ, యాడుండావు?” అంది. ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదలు.

“ఈడనే ఉండానత్తా. సోమారం నాకు తడలో పరీక్ష. రేపట్నించి దేవుడికి నా పేరు కూడా చెప్పండి, ఆమేన్ అప్పుడంటా.”